పెద్దమ్మ పెట్టిన బట్టలు

సంక్రాంతికి మా ఇంటిల్లిపాదికీ బట్టలు తీసేది పెద్దమ్మే. ఎవరికి ఏ రంగు నప్పుతుందో, పోయినేడు ఎవరికేం తీసిందో అన్నీ ఆవిడకి గుర్తే. పక్షవాతం వచ్చాక కుడిచెయ్యి, మాట రెండూ ఒక్కసారే పడిపోయాయి. మెదడు ఎడమవైపు దెబ్బతింటే తరచు అలాగే జరుగుతుందట. మాట పోవడాన్ని అఫేజియా అంటారని డాక్టరు చెప్పారు.

ఆ పండక్కి నేను పెద్దమ్మకి రెండు లావుపాటి నవలలు పట్టుకెళ్లాను. ఆవిడ ఒకటి తెరిచి, మొదటి పేజీ దగ్గరే చాలాసేపు ఉండిపోయి, మూసి పక్కన పెట్టేసింది. అఫేజియాలో చదవడం, రాయడం కూడా దెబ్బతింటాయని నాకు అప్పటికి తెలీదు. ఆ మూసిన పుస్తకం ఇప్పటికీ నా కళ్లముందు ఉంది.

తెలివి మాత్రం ఎక్కడికీ పోలేదు. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు పరీక్షించిన రోగి ఏమడిగినా ‘టాన్’ అనే అనేవాడు. ఎదుటివాళ్లు చెప్పింది మాత్రం చాలామటుకు అర్థం చేసుకునేవాడు. పెద్దమ్మకి ఆ ఒక్క ముక్క ‘అదే’. కాఫీ కావాలన్నా అదే, దిండు సర్దమన్నా అదే. చూడ్డానికొచ్చినవాళ్లు చెవిటివాళ్లతో మాట్లాడినట్టు అరిచేవారు. అయితే వాకిట్లో పిల్లలు గొబ్బెమ్మల చుట్టూ తిరుగుతూ పాడుతుంటే, ఆవిడ వాళ్లతో గొంతు కలిపి పాట చివరిదాకా పాడింది! మాట రానివాళ్లకీ పాట రావడం చాలామందిలో ఉన్నదే. దాన్ని ఆసరా చేసుకుని రాగంతో మాట పలికించే చికిత్స 1970లలోనే వచ్చింది.

మరుసటి ఏడు కానుకేమీ కొనలేదు. ఇంట్లో అందరి ఫొటోలూ పేజీకొకటి చొప్పున పెద్దవిగా అతికించి, ఆ ఆల్బమ్ ఒళ్లో పెట్టి, పెద్దమ్మని బట్టల కొట్టుకి తీసుకెళ్లాను. రద్దీ, గోల ఉంటే ఆవిడకి మాట మరీ అందదు. అందుకని పండక్కి మూడు వారాల ముందే, కొట్టు తీయగానే వెళ్లాం.

చీరల కొట్టులో మాటతో పనెంత? అక్కడ ఎవరైనా వేలితో చూపిస్తారు, అంచు నలిపి చూస్తారు, తల అడ్డంగా తిప్పుతారు. “అమ్మగారికి ఎంతలో చూపించమంటారు?” అని కొట్టు కుర్రాడు నన్నడిగాడు. “ఆవిణ్ణే అడుగు బాబూ” అన్నాను. రెండేసి చీరలు పక్కపక్కన పరిచి, ఏది అన్నట్టు చూపించి ఆగేవాడు. ఒక్కోసారి ఆవిడ నోట ‘కాదు’ అనబోయి ‘అవును’ వచ్చేది. నోటిని వదిలేసి ఎడమచేతిని చూసేవాళ్లం. మామయ్య ఫొటో మీద వేలు, తర్వాత గోధుమరంగు చొక్కా మీద వేలు. మధ్యలో నాకు ఆత్రం పుట్టి ఒక చీర తీసివ్వబోతే నా చెయ్యి నెట్టేసింది. ఎన్నాళ్లకో ఆవిడ ముఖంలో పాత అధికారం చూశాను.

భోగినాడు ఎడమచేత్తోనే బొట్టు పెట్టి, పదకొండుమందికీ తనే బట్టలు ఇచ్చింది. నాకు తీసింది నెమలికంఠం రంగు.

మీ ఇంట్లోనూ మాట పడిపోయినవాళ్లు ఉంటే, ఈ పండక్కి వాళ్ల చేత మీవాళ్లకి బట్టలు పెట్టించండి. కొట్టుకి పొద్దున్నే తీసుకెళ్లండి. తొందరపెట్టకండి.