యూరోబ్యాగు ముందు దణ్ణం

మూత్రం వచ్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకునే మనుషుల్ని కిడ్నీ డాక్టర్లు చూసినంతగా మరెవరూ చూసి ఉండరు. మార్పిడి ఆపరేషన్ అయ్యాక పేషెంటును ఐసీయూకి తెచ్చి, మంచానికి మూత్రం పట్టే యూరోబ్యాగు తగిలిస్తాం. బతికున్నవాళ్లు ఇచ్చిన కిడ్నీ అయితే చాలాసార్లు రక్తనాళాలు కలిపి క్లాంపు తీసిన కొద్ది నిమిషాల్లోనే, ఆపరేషన్ బల్ల మీదే మూత్రం మొదలవుతుంది. అక్కణ్ణుంచి సిస్టర్లు గంటగంటకూ కొలిచి చార్టులో రాస్తారు. బయట కూర్చున్నవాళ్లు నన్ను చూడగానే అడిగేది ఒక్కటే: "వస్తోందా సార్?" ఏం వస్తోందో వాళ్లు చెప్పరు, నేనూ అడగను.

సోంపేట వైపు నుంచి వచ్చిన ఒకావిడ కొడుక్కి తన కిడ్నీ ఇచ్చింది. కాస్త కోలుకున్నాక ఆవిణ్ణి చక్రాల కుర్చీలో తీసుకెళ్లి అద్దం ఇవతల నుంచి కొడుకుని చూపించాం. ముఖం ఒక్క క్షణమే చూసింది. ఆ తర్వాత చూపంతా మంచానికి వేలాడుతున్న సంచీ మీదే. లేత పసుపు రంగులో సగానికి పైగా నిండి ఉంది. కుట్లు నొప్పి పెడుతున్నా ముందుకు వంగి రెండు చేతులూ జోడించి, "సూరీడు బాబూ, సల్లగా సూసినావు" అంది. శ్రీకాకుళం జిల్లా వాళ్లకి ఆరోగ్యం అంటే అరసవల్లి సూర్యనారాయణస్వామే. అంత పెద్ద దేవుణ్ణి మూత్రం సంచీ ముందు తలుచుకోవడానికి ఆవిడ ఏమాత్రం సంకోచించలేదు. సంకోచించాల్సిన పనీ లేదు. యూదులకు మలమూత్ర విసర్జన అయి చేతులు కడుక్కున్నాక చెప్పుకునే ప్రార్థన ఒకటి ఉంది. ఒంట్లోని ద్వారాలూ నాళాలూ సక్రమంగా పనిచేస్తున్నందుకు దేవుడికి చెప్పుకునే కృతజ్ఞత అది. దాన్ని రాసినవాళ్లకి ఒళ్లంటే ఏమిటో బాగా తెలుసనిపిస్తుంది.

బాగున్న కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో లీటరున్నరో రెండు లీటర్లో బయటికి వదిలి, మిగతాదంతా తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. మనం పడుకున్నా, పెళ్లిలో భోంచేస్తున్నా, ఎవరితోనో గొడవ పడుతున్నా ఈ పని ఆగదు. డయాలసిస్ మిషను ఇందులో కొంతే చేయగలదు. సాధారణంగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. నిమిషానికి 500 మిల్లీలీటర్ల లెక్కన ఒక్కో సెషన్‌లో 120 లీటర్ల శుద్ధిచేసిన నీళ్లు మిషన్లోంచి పోతాయి. పక్కన పడుకున్న మనిషికి మాత్రం రోజంతటికీ కలిపి మూడు నాలుగు గ్లాసులకి మించి తాగొద్దని చెబుతాం.

అలాంటివాళ్లలో కవిటి మండలం పెద్దాయన ఒకాయన నాకు బాగా గుర్తు. వయసంతా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు కొబ్బరి తోటల్లోనే గడిచింది. చెట్టెక్కి గెలలు దింపిన మనిషి కొబ్బరినీళ్లు నోట పోసుకోకూడదు, అందులో పొటాషియం ఎక్కువ. దాహం మరీ పీడిస్తే చిన్న ఐసుముక్క బుగ్గన పెట్టుకునేవాడు. డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులాలోకి సూదులు గుచ్చే ముందు ఆ చేతిని కళ్లకద్దుకునేవాడు. ఎలా ఉన్నారని అడిగితే, "ఈయేల కూడా నెగిసినాను బాబూ, అదే సాలు" అనేవాడు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. దారుల మీద చెట్లు, ఊళ్లలో కరెంటు లేదు. ఆయనకి ఒక డయాలసిస్ తప్పిపోయింది. కొడుకులు అడ్డొచ్చిన మానులు నరుక్కుంటూ ఎలాగో రోడ్డెక్కి విశాఖ తీసుకొచ్చేసరికి కాళ్లు పొంగి, పడుకుంటే ఊపిరాడక కూర్చునే ఉన్నాడు. వెంటనే మిషన్ మీద పెట్టాం. నీరు దిగి ఊపిరి సర్దుకున్నాక మొదట అన్నమాట, "తండ్రీ, తోటని అట్టుకెల్లి నన్నొగ్గేసినావు" అని. అది నిష్ఠూరమో కృతజ్ఞతో నేను విడదీయలేకపోయాను. కాసేపాగి నా వైపు తిరిగి, "మా ఊరి నీల్లల్లో ఏటున్నాదో ఎవులూ సెప్పరేటి బాబూ?" అన్నాడు.

ఆ రెండు మాటలూ ఒకే నోట రావడం నాకు చాలా పెద్ద విషయం. దేవుడికి దణ్ణం పెట్టుకునేవాడు మనుషుల్ని ఏమీ అడగడనుకోవడం తప్పు. ఉద్దానంలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ ఒక్క కారణమంటూ తేలలేదు. భూగర్భ జలాలనీ, పురుగుమందులనీ, ఎండలో నీళ్లు లేకుండా చేసే చాకిరీ అనీ అనుమానాలున్నాయి. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయంటే, అవి ఇలాంటివాళ్లు ఏళ్ల తరబడి అడిగి అడిగి సాధించుకున్నవే.

నాకు కోపం తెప్పించేవాళ్లు వేరే ఉన్నారు. పళ్ల సంచీతో పరామర్శకొచ్చి, "నీకంటే ఘోరంగా ఉన్నవాళ్లు లేరూ? దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకో" అని బోధించి పోయేవాళ్లు. భాగవతంలో కుంతి తమకు ఆపదలే రావాలని కృష్ణుణ్ణి కోరింది, ఆపదలొస్తేనే ఆయన దర్శనం దొరుకుతుందని. లక్కయిల్లూ అడవీ యుద్ధమూ దాటొచ్చిన మనిషి తనకోసం, తనవాళ్లకోసం కోరుకున్నమాట అది. పక్కింటివాళ్లకి ఆపదొస్తే మంచిదని చెప్పలేదు. కష్టంలో కృతజ్ఞత ఆ కష్టపడేవాళ్ల సొత్తు. వాళ్లు ఇస్తే వినాలి, అంతే.

ఒక టీచరమ్మ అలా ఇవ్వగా విన్నాను. మార్పిడి చేసిన కిడ్నీ కొన్నేళ్లు చక్కగా పనిచేసి, మెల్లగా చెడిపోయింది. మళ్లీ డయాలసిస్ తప్పదని నేనే చెప్పాను. ఆవిడ డయాలసిస్ మొదలయ్యే ముందు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టించి నన్నూ పిలిచింది. ఏదో నయమైందని కాదు, ఆ కిడ్నీ పనిచేసిన ఏళ్లకి. పాస్టరుగారి ప్రార్థనయ్యాక లేచి, ఆ ఏళ్లలో దొరికినవన్నీ చెప్పింది. కూతురు పదో తరగతి పాసవడం. ఎండాకాలంలో కుండలో నీళ్లు కొలత లేకుండా తాగడం. బస్సులో దూరప్రయాణం. "ఎందుకు తీసేశావయ్యా అని కూడా అడిగాను, ఇంకా అడుగుతూనే ఉన్నాను" అని ఏడ్చింది. ఎవరూ వారించలేదు. యోబు గ్రంథంలోనూ, దేవుడిచ్చాడు దేవుడే తీసుకున్నాడన్న ఒప్పుకోలు మొదట్లోనే అయిపోతుంది, ఆ తర్వాత అధ్యాయాల కొద్దీ మొరలే కదా.

బాగున్నప్పటి కృతజ్ఞతే నిలవడం కష్టం. తండ్రి కిడ్నీతో కోలుకున్న ఒక కుర్రాడు కుటుంబమంతటితో తిరుమల వెళ్లి గుండు చేయించుకొచ్చాడు. ఉద్యోగమొచ్చింది, స్నేహితులొచ్చారు. "బానే ఉన్నాను కదా" అనుకుని రాత్రిపూట టాక్రోలిమస్ మాత్ర మానడం మొదలెట్టాడు. శరీరం ఆ కిడ్నీని పరాయిదని దాడి చేయకుండా ఆపే మందు అది. పన్నెండేసి గంటలకి ఒకటి, బతికున్నన్నాళ్లూ పడాలి. కిడ్నీ దెబ్బతింటోందని చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగాక పరిగెత్తుకొచ్చాడు. బయాప్సీ చేసి, స్టెరాయిడ్లిచ్చి కొంత నిలబెట్టగలిగాం. దేవుడి మీద అతనికి భక్తి తక్కువేం కాదు. పర్సులో వెంకన్న ఫొటో ఉంది, మాత్రల పెట్టె మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

అందుకే మొక్కు తీర్చుకోవడానికి వెళ్తామని ఎవరు చెప్పినా సంతోషంగా పంపుతాను. అరసవల్లి కావచ్చు, తిరుమల కావచ్చు, దర్గా కావచ్చు, చర్చి కావచ్చు. ఆపరేషనైన మొదటి నెలల్లో జనం రద్దీలోకి మాత్రం వద్దంటాను. వెళ్లినప్పుడు తీర్థం కళ్లకద్దుకుని పక్కన పెట్టమని, కాచి చల్లార్చిన నీళ్ల సీసా వెంట ఉంచుకోమని, ఈ మందుతో పడదు కాబట్టి పంపరపనస ప్రసాదంగా ఇచ్చినా తినొద్దని చెబుతాను. క్యూలైన్లో ఎంతసేపు పడుతుందో తెలియదు కాబట్టి రాత్రి మాత్ర జేబులో పెట్టుకుని, ఎనిమిదవగానే అక్కడే వేసుకోమంటాను.