షికారు సీసా

నరసరావుపేటలో మా బరంపేట వీధిలో చీటీ మొదలైంది డబ్బు కూడబెట్టడానికి కాదు. ఆడవాళ్ళం నలుగురం ఒకచోట కూర్చోవడానికి ఇంట్లో ఒప్పుకునే కారణం ఒకటి కావలసి వచ్చింది. "సినిమాకెళ్తున్నా" అంటే అత్తగారి మొహం మాడేది. "పక్కింట్లో కబుర్లు చెప్పుకుంటున్నాం" అంటే మగవాళ్ళకు అనుమానం, తమ గురించే చెప్పుకుంటున్నామని. అది నిజమే అనుకోండి. "చీటీకి వెళ్తున్నా" అంటే మాత్రం ఎవరూ నోరెత్తేవారు కాదు. మా ఆయనయితే చొక్కా జేబులోంచి యాభై తీసిచ్చి, "తొందరగా వెళ్ళు, పాట మొదలైపోద్దేమో" అని తనే తొందరపెట్టేవాడు.

1991 సంగతి. ఆయన ఊళ్ళోనే ఒక బియ్యం మిల్లులో గుమస్తా. నేను ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని, చీరలకు ఫాల్స్ వేసేదాన్ని. పండగల ముందూ పెళ్ళిళ్ళప్పుడూ చేతినిండా పని. ఆషాఢంలో ఈగలు తోలుకోవడమే. వచ్చినప్పుడు చీర కొనుక్కోవడం, రానప్పుడు కిరాణా కొట్లో ఖాతా రాయించుకోవడం, ఇదీ మా లెక్క. మా వీధిలో అందరి లెక్కా దాదాపు అదే.

చీటీ పెట్టింది మా వీధి చివరి పెద్దావిడ. వరసకు ఎవరికి ఏమవుతుందో గానీ అందరికీ అత్తయ్యే. మనిషి చిన్నది, గొంతు మాత్రం మల్లమ్మ సెంటరు దాకా వినపడేది. నాయకురాలు నాగమ్మ మంత్రిగా చక్రం తిప్పిన సీమ కదా మాది, చాటున ఆవిణ్ణి 'నాయకురాలు' అనేవాళ్ళం. ఆవిడకు ఆ సంగతి తెలుసు, తెలియనట్టుండేది.

ఇరవై మందిమి, నెలకు యాభై, వెయ్యి రూపాయల చీటీ. మొదటి నెల నడిపేవాళ్ళది. రెండో నెల నుంచి పాట. అవసరమున్నవాళ్ళు ఎంత వదులుకుంటారో పాడతారు, ఎక్కువ వదులుకున్నవాళ్ళకే చీటీ. ఒకావిడ రెండు వందలకు పాడితే ఎనిమిది వందలు ఎత్తుకుని వెళ్తుంది. మామూలు చీటీలో ఆ రెండు వందలూ ఇరవై మందికీ సమానంగా పంచి ఆ నెల వాయిదాలో తగ్గిస్తారు. అత్తయ్య మాత్రం వందే పంచేది. తలా నలభై అయిదు కట్టేవాళ్ళం. మిగతా వందా ఒక హార్లిక్స్ సీసాలోకి వెళ్ళేది. దాని పేరు షికారు సీసా.

మా గుంపులోని టీచరు గారికి ఆ పద్ధతి మొదట్లో నచ్చలేదు. మాలో లెక్కలు బాగా వచ్చింది ఆవిడకే. ఎప్పుడూ ఆఖరి చీటీయే ఎత్తుకునేది, వెయ్యికి వెయ్యీ వస్తుందని. వచ్చిన వెయ్యీ నేరుగా పోస్టాఫీసుకు తీసుకెళ్ళి కిసాన్ వికాస్ పత్రం కొనేది. అప్పట్లో అవి అయిదున్నరేళ్ళకు రెట్టింపయ్యేవి. "సీసాలో డబ్బు ఊరికే నిద్రపోతోంది, రెండు రూపాయల వడ్డీకి తిప్పుదాం" అంది ఒకరోజు.

"తిప్పితే అదీ పొదుపైపోద్ది టీచరమ్మా. మరి నవ్వేదెప్పుడు?" అంది అత్తయ్య.

ఆ మాట మీద ఇంక ఎవరూ మాట్లాడలేదు. అసలు ఇంటికి, పాటలో మిగిలింది మనకి. అదే రాజ్యాంగం.

సీసా డబ్బు ఎటు పోయేదో చెబుతాను. కొంత వారపత్రికలకు. అంతకుముందు ఎవరికి వాళ్ళం స్వాతి కొనుక్కునేవాళ్ళం, లేకపోతే మానుకునేవాళ్ళం. చీటీ వచ్చాక ఒక స్వాతి, ఒక ఆంధ్రజ్యోతి, ఒక ఆంధ్రభూమి తెప్పించి ఇల్లిల్లూ తిప్పేవాళ్ళం. అద్దె పుస్తకాల షాపులో యద్దనపూడి నవలో, మల్లాది నవలో తెస్తే రోజుకింత అద్దె. గడువు లోపల అది మూడు నాలుగిళ్ళు తిరిగిపోయేది. మధ్యాహ్నం పూట ఒకావిడ చదివేది. నేను మిషను ఆపి చేత్తో హుక్కులు కుట్టుకుంటూ వినేదాన్ని. మిషను తొక్కితే కథ వినపడదని కేకలేసేవాళ్ళు. చదువు రానివాళ్ళు మిరపకాయల తొడిమలు తీస్తూ వినేవాళ్ళు. కథలో అత్తగారు కోడల్ని ఏదైనా అంటే తొడిమ కాస్త గట్టిగా విరిగేది.

ఏడాదికి ఒకటి రెండు షికార్లు. కోటప్పకొండ మాకు పదీ పన్నెండు కిలోమీటర్లు. శివరాత్రికి ఎటూ వెళ్ళేవాళ్ళం. మా గుంపులో ఒకావిడ పుట్టింటి ఊరి నుంచి కొండకు ప్రభ కట్టేవాళ్ళు. వంద అడుగులకు అటూ ఇటూ ఎత్తు, దాని నిండా కరెంటు దీపాలు. అంత ప్రభకు డబ్బెక్కడిదని అడిగితే ఆవిడ నవ్వి, "ఇంటింటికీ ఇంతని రాసుకుంటారు. మిరపకాయలమ్మినప్పుడే తీసి పక్కన పెట్టుకుంటారు. పిల్ల ఫీజుకు ఆలస్యమైనా ప్రభకు ఆలస్యం కాదు" అనేది. 'చేదుకో కోటయ్యా' అని కేకలు పెడుతూ ఆ దీపాల కింద రాత్రంతా తిరిగాక తెల్లారి బస్సులో అందరం నిద్ర. ఎండలు రాకముందు ఇంకో షికారు మాచర్ల మీదుగా. చెన్నకేశవస్వామి దర్శనం, చంద్రవంక మీద ఎత్తిపోతల, విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ. మాకు కాలవల్లో పారే నీళ్ళు అక్కడ అంత సముద్రంలా ఉంటాయని అప్పటిదాకా నాకు తెలియదు. పులిహోర, పెరుగన్నం ఇంటినుంచే. సీసా డబ్బు బస్సుకూ, లాంచీకీ, అక్కడ తాగే సోడాలకూ.

వీటన్నిటిలో కారంపూడి సంగతి వేరు.

కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు అక్కడ పల్నాటి వీరుల ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. పన్నెండో శతాబ్దపు యుద్ధంలో పోయినవాళ్ళకు ఇప్పటికీ చేసే తిరునాళ్ళ. వీరుల గుడి ముందు ఆయుధాలకు పూజ, నాగులేటి స్నానాలు, వీరవిద్యావంతుల కథాగానం. మేము మందపోరు రోజున వెళ్ళాం. ఆ రోజు చాపకూడు. ఆ యుద్ధంలో మాచర్ల వైపు నాయకుడు బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒక చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని కథ. మాల కన్నమదాసును సేనానిని చేసినవాడు కదా. ఆయన పేరున ఆ రోజు అందరూ వరసన కూర్చుని తింటారు.

మా ఇరవై మందిలో అయిదారు కులాలవాళ్ళం. వీధిలో కలిసి నవ్వుకునేవాళ్ళం గానీ, తొడిమలు తీసేవాళ్ళలో ఒకావిడ చీటీ రోజున అరుగు మీదే కూర్చునేది. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు, లోపలికి రమ్మనీ ఎవరూ అనలేదు. టీ అక్కడికే వెళ్ళేది. కారంపూడిలో ఆమె అత్తయ్య పక్కన కూర్చుని, అత్తయ్య ఆకులో మిగిలిన కూర తన ఆకులోకి లాక్కుంది. అత్తయ్య "నీకు ఉప్పెక్కువైతే నాకు చెప్పకు" అంది, అంతే. ఎవరూ ఉపన్యాసమివ్వలేదు. మరుసటి నెల చీటీ పాటకు ఆమె గుమ్మం దాటి లోపలికొచ్చి మంచం మీద కూర్చుంది. కొందరు ముఖాలు చూసుకున్నారు, అత్తయ్య పాట మొదలెట్టింది. ఆ తరవాత ఇక ఆమె చోటు అదే.

ఆ రాత్రి కారంపూడిలోనే ఉండిపోయాం. తెల్లారితే కోడిపోరు. బ్రహ్మనాయుడు ఎదుటి పక్షపు నాగమ్మతో పందెం కాసి ఓడిపోయి, మాచర్ల వదిలి ఏడేళ్ళు వలసపోయిన కథ అది. మాలో ఒకావిడ మొగుడికి పేకాట వ్యసనం. కథ వింటూ ఆవిడ ఏడ్చేసింది. అత్తయ్య చీటీ నియమాల్లో అప్పటినుంచి ఒకటి చేరింది. ఎత్తుకున్న చీటీ డబ్బు ఆడమనిషి చేతికే ఇస్తారు, అదీ అందరి ముందర. "రాజ్యాలే పోయాయి కోడి మీద. మీ వెయ్యి రూపాయలెంత?" అనేది.

చీటీకి అసలు పరీక్ష 1997-98లో వచ్చింది. పత్తిని పురుగు తినేసిన ఏడాది. వరంగల్ వైపు రైతుల చావులు రోజూ పేపర్లో వచ్చేవి. మా గుంపులో ఒకావిడ కుటుంబం రొంపిచర్ల వైపు పొలం కౌలుకు తీసుకుని పత్తి వేసింది. ముందే చీటీ ఎత్తుకుని పురుగుమందుల షాపుకు కట్టేసింది. పంట పోయింది, వాయిదాలు మిగిలాయి. మొహం చెల్లక చీటీకి రావడం మానేసింది.

మామూలుగా అలాంటప్పుడు నలుగురు వెళ్ళి గుమ్మంలో నిలబడతారు. మేమూ వెళ్ళాం, కానీ ఎత్తిపోతల ప్రయాణం పిలుపుతో. "నేను రాను, నా దగ్గర ఏముంది" అంది. అత్తయ్య సీసా తీసుకొచ్చి ఆవిడ ముందే బోర్లించి, మూడు వాయిదాలు లెక్కపెట్టి పక్కన పెట్టింది. "ఈ సీసా మనిషిని నవ్వించడానికి పెట్టాం. నీ ఏడుపాపితే అదీ షికారే" అంది. ఆ ఏడు ఎత్తిపోతల మానేసి కోటప్పకొండతోనే సరిపెట్టాం. ఆ డబ్బు ఆవిడ తరవాత పత్తితీతలకు వెళ్ళి అయిదూ పదిగా తిరిగి సీసాలో వేసింది. ఎవరూ అడగలేదు.

అదే రోజుల్లో పక్క వీధి చీటీ మునిగింది. దాన్ని నడిపినావిడ పద్ధతి గలది, రూపాయి వృథా కానిచ్చేది కాదు. కూర్చోవడాలు, టీలు ఉండవు. ఇంటింటికీ తిరిగి వసూలు చేసుకునేది. ముందే ఎత్తుకున్న ఇద్దరు రాత్రికి రాత్రి ఊరొదిలి వెళ్ళారు. వాళ్ళ మొహాలు కూడా మిగతావాళ్ళకు సరిగ్గా తెలియవు. అది చూశాకే మా టీచరు గారు సీసా మీద కోపం మానుకుంది. "ఆ ఖర్చు మనకు ఇన్సూరెన్సు" అంది. కలిసి నిద్రపోయి, కలిసి తిని, ఒకరి ఇంటి గుట్టు ఒకరికి తెలిసినవాళ్ళు యాభై రూపాయలకు పారిపోరు. మా చీటీకి పూచీ ఆ షికార్లే.

ఒక మాట చెప్పాలి. రిజిస్టరు కాని చీటీలు నడపడం చట్టం ఒప్పుకోదని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ చీటీల్లో చేరమని నేనెవరికీ చెప్పను. మా వీధి మాట మాత్రమే చెబుతున్నాను.

రెండో చీటీ ఎత్తుకున్న డబ్బుకు ఇంకాస్త కలిపి నేను పీకో మిషను కొన్నాను. దాని మీద వచ్చిందాంట్లో కొంత పోస్టాఫీసు ఆర్.డి.లో వేశాను. అయిదేళ్ళది. ఏజెంటావిడ మా చీటీ మనిషే, నెలనెలా పాట రోజునే కార్డు తెచ్చి వసూలు చేసేది. మా అమ్మాయి డిప్లొమా ఫీజు అందులోంచే కట్టాను. నవలలు మానలేదు, సినిమాలు మానలేదు. కలిసి చూశాం కాబట్టి తక్కువలో తేలిపోయింది.

కేబుల్ టీవీ వచ్చాక సాయంత్రాలు సీరియళ్ళకు పోయాయి. అత్తయ్య పోయాక చీటీ కొన్నాళ్ళు నడిచి ఆగింది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది, నరసరావుపేట జిల్లా కేంద్రం. కొత్త ఆఫీసులొచ్చాయి, అద్దెలు పెరిగాయి.

మా అమ్మాయికి ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. మొన్నీమధ్య ఫోనులో, "నెలాఖరుకు ఏమీ మిగలట్లేదమ్మా. వారం వారం ఫ్రెండ్స్‌తో బయటికెళ్తే చాలు, అయిపోతోంది. వాళ్ళను కలవడం మానేస్తా" అంది.

"వాళ్ళను మానేస్తే నీకు మిగిలేది డబ్బొక్కటే, అదీ ఎన్నాళ్ళో ఉండదు. వాళ్ళతోనే దాచు" అన్నాను. సీసా లెక్కంతా చెప్పాను. ఇప్పుడు ఆరుగురు కలిసి తలా రెండు వేలు ఒకే తారీఖున ఎవరి ఆర్.డి.లో వాళ్ళు వేసుకుంటున్నారు. ఆ రోజు ఒకరి ఇంట్లో వంట. గడువయ్యాక వచ్చే వడ్డీతో అరకు వెళ్ళాలని రాసుకున్నారట. అసలు ముట్టుకోరట.

"ఒకమ్మాయి ఈ నెల వెయ్యకుండా ఎగ్గొట్టింది, ఏం చెయ్యాలి?" అని మళ్ళీ ఫోను చేసింది.

"మీలో గొంతు పెద్దది ఎవరిది?"

"నాదే."

"అయితే ఇంకేం, వెళ్ళి వాళ్ళింట్లో భోంచేసి రా" అన్నాను.