కంప్యూటరు పిలిచే హాజరు

పిల్లలూ! జగిత్యాల జిల్లాలో కొండగట్టు అనే కొండ ఉన్నది. కొండమీద ఆంజనేయస్వామి కోవెల, కోవెల చుట్టూ కోతులు. ఆ కొండ కింద మా ఇంట్లో ఒకనాడు జరిగిన సంగతి చెబుతాను, వినండి. అందులో నా తప్పు కూడా ఉన్నది.

మా అక్క కొడుకు ఒక పరీక్షకు దరఖాస్తు పంపాలి. ఆ రాత్రితో గడువు సరి. తీరా మీట నొక్కితే కంప్యూటరు వెలిగి, కొద్ది సెకన్లకే ఆరిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే!

"రోజూ ఆటలాడి పాడుచేశావు!" అని వాణ్ణి కసిరాను. వాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కొంచెంసేపటికి, "మామా, కొండమీద కోతి వెంటపడితే ఎవరి సంచిలో కొబ్బరిచిప్ప ఉన్నదా అని చూస్తాం గదా! దీనికి తగిలించినవన్నీ తీసేసి చూద్దామా?" అన్నాడు.

వాడి మాటలో ఎంత తెలివి ఉన్నదో చూడండి. బడి మొదలు కాగానే పంతులుగారు హాజరు పిలుస్తారు గదా! కంప్యూటరు కూడా మేలుకోగానే తనను తాను సరిచూసుకుని, తనకు తగిలించిన కీబోర్డు, మౌసు, పెన్‌డ్రైవు మొదలైనవాటిని పలకరిస్తుంది. ఏ ఒక్కటి సరిగా బదులు చెప్పకపోయినా పని అక్కడే ఆగిపోవచ్చు. ఒక్కొక్కప్పుడు తన లోపలి డిస్కును వదిలి, పెన్‌డ్రైవులోంచి మేలుకోబోయి నిలిచిపోతుంది కూడా.

కరెంటు చిక్కు వేరే ఉన్నది. మామూలు యు.ఎస్.బి. రంధ్రం 5 వోల్టుల కరెంటును అర ఆంపియరు దాకా ఇస్తుంది. లోపల రేకుకు రేకు తగిలితే కరెంటు అమితంగా పారుతుంది. అప్పుడు కొన్ని కంప్యూటర్లు తమను కాపాడుకోవడానికి తామే ఆరిపోతాయి.

మేము కరెంటు ఆపి, తెర, కీబోర్డు, మౌసు మాత్రం ఉంచి తక్కినవన్నీ తీసేశాం. మీట నొక్కగానే కంప్యూటరు చక్కగా మేలుకున్నది! ముందు దరఖాస్తు పంపేశాం. తరువాత దొంగను వెతికాం. ప్రతిసారీ కరెంటు ఆపి, ఒక్కొక్క వస్తువే తగిలించాం. ప్రింటరు పెట్టాం, బాగానే ఉన్నది. కెమెరా పెట్టాం, బాగానే ఉన్నది. చివరకు నాలుగు రంధ్రాల హబ్బు పెట్టాం. ఆరిపోయింది! అది తీస్తే వెలిగింది, మళ్లీ పెడితే మళ్లీ ఆరిపోయింది. ఇట్లా రెండుసార్లు చూస్తేగాని దేన్నీ దొంగ అనకూడదు.

టార్చి వేసి చూస్తే, హబ్బులో ఒక రంధ్రం లోపలి రేకు వంగి పక్కరేకును తాకుతున్నది. వంచినదెవరు? నేనే! ముందురోజు కెమెరా తీగను తలకిందులుగా పెట్టి బలవంతంగా తోశాను.

ఈ యు.ఎస్.బి.ని రూపొందించినవారిలో మన దేశంలో పుట్టిన అజయ్ భట్ ముఖ్యుడు. దాని మొదటి ప్రమాణం 1996లో వెలువడింది. ఎటు తిప్పినా పట్టేటట్టు చేస్తే తీగలూ ఖర్చూ పెరుగుతాయని అప్పట్లో ఒకవైపే పట్టేటట్టు చేశారు. తరువాత వచ్చిన 'సి' రకానికి ఆ చిక్కు లేదు.

తగిలించిన వస్తువుతో తంటా గొప్పవారికీ తప్పలేదు. 1998 ఏప్రిల్‌లో, చికాగోలో, బిల్ గేట్స్ ఎదుటనే విండోస్ 98ను సభకు చూపిస్తున్నారు. ఆయన సహోద్యోగి ఒక స్కానరు తగిలించగానే తెర నీలంగా మారి, పని ఆగిపోయింది. సభ అంతా నవ్వింది. గేట్స్ కూడా నవ్వేశాడు.

మీ ఇంట్లో కంప్యూటరు మేలుకోకపోతే, పెద్దలను దగ్గర పెట్టుకుని ఇట్లాగే చేసి చూడండి. పెట్టెను మాత్రం విప్పకండి. వాసన గాని పొగ గాని వస్తే వెంటనే కరెంటు తీసేయించండి.

ఆ రాత్రే మా అక్క కొడుకును దగ్గరకు పిలిచి, "తప్పు నాదేరా," అన్నాను. వాడు నవ్వాడు. యంత్రంలో దొంగను వెతికినంత ఓపికగా మనుషుల తప్పును కూడా వెతకాలని ఆనాడు నాకు తెలిసింది.