మోచెయ్యి చూసుకో!

మా పేటలో వాలీబాల్ కోర్టు చెరువు గట్టు కింద ఉండేది. రెండు సరుగుడు కర్రలు, వాటి మధ్య మేమే తాడుతో అల్లుకున్న నెట్టు, సున్నానికి డబ్బుల్లేక పొయ్యి బూడిదతో గీసిన గీతలు. పొలం పనుల నుంచి, ఇటుక బట్టీల నుంచి, కాలేజీల నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని చీకటి పడేదాకా ఆడేవాళ్ళం. మాకు కోచ్ లేడు. ఒకరి తప్పు ఒకరు చెప్పుకోవడమే మా శిక్షణ.

ఇరవై ఏళ్ళ కిందట ఒక సంక్రాంతికి పక్క ఊరి టోర్నమెంటులో ఫైనల్‌కు వెళ్ళాం. చివరి సెట్టు. 14–13తో మేమే ముందున్నాం. ఒక్క పాయింటు వస్తే కప్పు మాది. సర్వీసు మా జట్టులో అందరికంటే బాగా కొట్టేవాడి చేతిలో ఉంది. వాడు బంతిని రెండుసార్లు నేలకేసి కొట్టాడు. అంతకు వారం ముందు నుంచీ వాడి మోచెయ్యి కొంచెం కిందికి జారుతోందని మాకు అనుమానం. కోర్టులో ఉన్నవాళ్ళం, గీత బయట ఉన్నవాళ్ళం అందరం ఒక్క గొంతుతో అరిచాం: "మోచెయ్యి చూసుకోరా! మోచెయ్యి!"

వాడు చూసుకున్నాడు. బంతి నెట్టుకు తగిలి మావైపే పడింది. 14–14. తర్వాతి రెండు పాయింట్లూ పోయాయి.

బహుమతులిచ్చే చోట ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన నవ్వుతూ అన్నాడు: "ఆట బాగానే ఆడతారు గానీ పెద్ద మ్యాచ్‌లో మీవాళ్ళు నిలబడలేరయ్యా. అది రక్తంలో ఉండాలి." అదే మనిషి రెండు రోజుల ముందు, మావాడు వరసగా ఆరు సర్వీసులు కొట్టినప్పుడు, "వీళ్ళకి ఆ ఒళ్ళు పుట్టుకతోనే వస్తుంది" అన్నాడు. గెలిస్తే ఒళ్ళు పుట్టుకతో వచ్చింది. ఓడితే గుండె పుట్టుకతో రాలేదు. మధ్యలో మేము రోజూ చీకటి పడేదాకా చేసిన సాధనకు ఆ రెండు మాటల్లోనూ చోటు లేదు.

మావాడు ఆ తర్వాత బంతి ముట్టుకోలేదు. మేమూ వాణ్ణి గట్టిగా పిలవలేదు. నిజం చెప్పాలంటే, ఆ పెద్దమనిషి మాటలో సగం మేమూ నమ్మాం. జట్టు మొత్తం గురించి కాదు, వాడొక్కడి గురించి నమ్మాం. అది ఇంకా పెద్ద తప్పు.

తర్వాత మాలో ఇద్దరు వ్యాయామ విద్య చదివి డ్రిల్లు మాస్టర్లయ్యారు. వాళ్ళు తెచ్చిన పుస్తకాలు, తర్వాత మేము వెతుక్కుని చదివినవి కలిపి చూస్తే, ఆ సాయంత్రం జరిగినది వేరుగా కనబడింది. శరీరం ఒక పనిని ఎలా నేర్చుకుంటుంది, నేర్చుకున్నది ఎప్పుడు తప్పిపోతుంది అనే దాని మీద వందేళ్ళుగా పరిశీలన జరుగుతోంది. దానిలో మాకు పనికొచ్చినవి కొన్ని ఇక్కడ చెబుతాం.

మొదటిది, ఆ పూట బాగా చేయడం వేరు, నేర్చుకోవడం వేరు. మేము ఒక్కో సాయంత్రం ఒకే మూలకు వంద సర్వీసులు కొట్టేవాళ్ళం. ఎనభయ్యోది వచ్చేసరికి బంతి తాడు కట్టి లాగినట్టు అక్కడికే వెళ్ళేది. మురిసిపోయేవాళ్ళం. మర్నాడు మళ్ళీ మొదటికి వచ్చేది. 1986లో గూడ్, మాగిల్ అనే అమెరికన్ పరిశోధకులు, ఎప్పుడూ ఆడని విద్యార్థినులకు బ్యాడ్మింటన్‌లో మూడు రకాల సర్వీసులు నేర్పారు. కొందరు ఒక రోజంతా ఒకే రకం కొట్టారు. కొందరు మూడింటినీ కలగాపులగంగా, తర్వాత ఏది వస్తుందో తెలియకుండా కొట్టారు. కొంత విరామం తర్వాత పరీక్ష పెడితే కలిపి కొట్టినవాళ్ళదే పైచేయి. ఎప్పుడూ కొట్టని వైపు నుంచి కొట్టమన్నా వాళ్ళే నిలబడ్డారు.

దానికంటే ముందే, 1978లో, కెర్, బూత్ అనేవారు ఎనిమిదేళ్ళ పిల్లలతో చిన్న గింజల సంచులు గురికి వేయించారు. ఒక గుంపు మూడు అడుగుల దూరం నుంచే వేసింది. ఇంకో గుంపు రెండు, నాలుగు అడుగుల నుంచి వేసింది గానీ మూడడుగులను ముట్టుకోలేదు. పన్నెండు వారాల తర్వాత పరీక్ష మూడడుగుల దగ్గర. ఎక్కువ సరిగా వేసింది రెండో గుంపు!

కారణం ఊహించడం కష్టం కాదు. ఒకేదాన్ని వరసగా చేస్తుంటే చెయ్యి పాత జవాబునే చూసి రాస్తుంది. మారుస్తూ చేస్తే ప్రతిసారీ జవాబు కొత్తగా కట్టుకోవాలి. మ్యాచ్‌లో చేయాల్సింది ఈ రెండోదే. బొత్తిగా కొత్తవాళ్ళకు మొదట్లో ఒకే రకం కొంతసేపు కావాలి, అది నిజమే. కానీ ఆ దశ దాటాక సాధనలో తప్పులు ఎక్కువ కనబడితే సాధన చెడిందని అర్థం కాదు. చాలాసార్లు నేర్చుకోవడం జరుగుతోందని అర్థం. ఈ సంగతి తెలియక ఎంతమంది పిల్లలను "వీడికి రాదు" అని పక్కన కూర్చోబెట్టామో!

రెండోది, నైపుణ్యం అంటే ఒకే కదలికను అచ్చు గుద్దడం కాదు. 1920లలో నికొలాయ్ బెర్న్‌స్టెయిన్ అనే రష్యన్ శాస్త్రవేత్త మాస్కోలోని కేంద్ర శ్రమ సంస్థలో, ఉలి మీద సుత్తి కొట్టే పనివాళ్ళ ఒంటికి చిన్న దీపాలు కట్టి ఫొటోలు తీశాడు. చెయ్యి తిరిగిన పనివాడి భుజం, మోచెయ్యి, మణికట్టు ప్రతి దెబ్బకూ కొంచెం వేరుగా కదిలాయి. కానీ సుత్తి మాత్రం ఉలి తల మీదే పడింది. ఒక కీలు అటు జరిగితే ఇంకో కీలు ఇటు సర్దుతోంది. అదే పద్ధతిని మళ్ళీ చేయడం కాదు, అదే సమస్యను ప్రతిసారీ కొత్తగా తీర్చడమే అభ్యాసం అని ఆయన తేల్చాడు.

ఇది చదివినప్పుడు మాకు మా తాతలు గుర్తొచ్చారు. తోలు కోసే చెయ్యి, వంగి నాట్లు వేసే అమ్మల వేళ్ళు, డప్పు మీద ఆడే చిటికెన పుల్ల. తోలు ఒక రోజు తడిగా ఉంటుంది, ఒక రోజు బిరుసుగా ఉంటుంది. బురద ఒక మడిలో లోతు, ఇంకో మడిలో మెరక. అయినా కోత తప్పదు, నాటు వరస తప్పదు. ప్రయోగశాలలో దీపాలు కట్టి చూసిన విద్య మా ఇళ్ళలో ప్రతి పూటా నడిచింది. దాన్ని విద్య అనలేదు, కూలి అన్నారు.

మూడోది, మా అసలు గాయానికి సంబంధించింది. ఫిట్స్, పోస్నర్ అనే మనోవిజ్ఞానులు 1967లో కదలికల నేర్పును మూడు దశలుగా చెప్పారు. మొదట మాటలతో ఆలోచించి చేస్తాం. తర్వాత తప్పులు తగ్గించుకుంటూ పోతాం. చివరికి ఆలోచన అవసరం లేకుండానే ఒళ్ళు చేసుకుపోతుంది. సైకిల్ తొక్కేవాడు హ్యాండిల్ గురించి ఆలోచించడు కదా. అయితే మూడో దశకు చేరినవాణ్ణి మళ్ళీ మొదటి దశలోకి లాగితే ఏమవుతుంది? ఒత్తిడి వచ్చినప్పుడు మనిషి తన కదలికను తానే గమనించుకోవడం మొదలుపెడతాడనీ, దానితో అలవాటైన పని చెడుతుందనీ 1984లో రాయ్ బౌమైస్టర్ రాశాడు. 2001లో బైలాక్, కార్ గోల్ఫ్ బంతిని గుంటలోకి కొట్టించి ఇదే చూశారు. ముందు నుంచీ కెమెరా ఎదుట సాధన చేసినవాళ్ళు మాత్రం ఒత్తిడిలో చెడలేదు. నలుగురూ చూస్తుండగా ఆడటం కూడా సాధనతో వచ్చేదే అన్నమాట. రక్తంలో ఉండేది కాదు.

1998లో గాబ్రియేలె వుల్ఫ్ తన తోటివారితో కలిసి, మంచు మీద జారే ఆటను పోలిన యంత్రం మీద కొందరిని నిలబెట్టింది. కాళ్ళ మీద దృష్టి పెట్టమన్నవాళ్ళ కంటే, కాళ్ళ కింద ఉన్న చక్రాల మీద దృష్టి పెట్టమన్నవాళ్ళు బాగా నేర్చుకున్నారు. దూరం కొన్ని అంగుళాలే. కానీ ఒకటి మన ఒళ్ళు, రెండోది ఒంటి బయట జరగాల్సిన పని.

ఇప్పుడు మా అరుపు సంగతి చూడండి. వేలసార్లు కొట్టిన చెయ్యి అది. దానికి బంతి తెలుసు, నెట్టు తెలుసు, అవతలి ఖాళీ తెలుసు. ఆ ఒక్క క్షణంలో మేమంతా కలిసి వాడి చూపును అవతలి కోర్టు నుంచి పీకి వాడి మోచెయ్యి మీద పడేశాం. ఆ బంతిని నెట్టులో పడేసింది వాడి పిరికితనం కాదు, మా ప్రేమ.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఉత్తరప్రదేశ్ పల్లెల్లో కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు పరిశోధకులు బడి పిల్లలకు కాగితం మీద దారులు వెతికే చిక్కుపటాలు ఇచ్చారు. కులం చెప్పనప్పుడు నిమ్న కులాల పిల్లలకూ పై కులాల పిల్లలకూ తేడా రాలేదు. అందరి ముందు పేరుతో పాటు కులం చదివినప్పుడు నిమ్న కులాల పిల్లల పని పడిపోయింది. 1999లో అమెరికాలో జెఫ్ స్టోన్, ఆయన తోటివారు గోల్ఫ్ ఆటతో ఇలాంటిదే చేశారు. ఇది ఆట తెలివికి పరీక్ష అంటే నల్లజాతి విద్యార్థులు తగ్గారు. ఇది సహజమైన ఒంటి సత్తాకు పరీక్ష అంటే తెల్లజాతి విద్యార్థులు తగ్గారు. ఆట అదే, బంతి అదే. ఇలాంటి ప్రభావం ఎంత పెద్దది అనే దాని మీద తర్వాత చాలా వాదనలు జరిగాయి, అన్ని చోట్లా ఒకేలా కనబడలేదు. కానీ "ఒళ్ళు మీది, గుండె మాది" అనే పంపకం మా ఊళ్ళోనే పుట్టింది కాదని మాకు అర్థమైంది.

పాల్వంకర్ బాలూ కథ మన పాఠకుల్లో చాలామందికి తెలుసు. చమార్ కుటుంబంలో పుట్టి, పుణెలో పిచ్ ఊడ్చి, రోలరు లాగే పనికి చేరినవాడు. పూనా క్లబ్బులో ఇంగ్లీషు దొరలకు నెట్స్‌లో బంతులు వేశాడు. అందులో జె.జి. గ్రెయిగ్ అనే గట్టి బ్యాట్స్‌మన్‌కు గంటల కొద్దీ వేశాడు. ఎదురుగా నేర్పరి, ప్రతి బంతికీ అప్పటికప్పుడే దొరికే జవాబు, రోజూ కొత్త ఎత్తు. కదలికల శాస్త్రం ఇప్పుడు చెబుతున్న మంచి సాధన అంతా అక్కడ ఉంది. 1911లో భారత జట్టుతో ఇంగ్లండ్ వెళ్ళి వందకు పైగా వికెట్లు తీశాడు. కానీ పూనా క్లబ్బులో ఆయనకు బంతి ఇచ్చారు గానీ బ్యాటు ఇవ్వలేదు. బ్యాటింగ్ దొరల పని! హిందూ జట్టుకు ఆడుతూ కూడా టీ విరామంలో బయట, విడిగా మట్టి ముంతలో తాగాల్సి వచ్చింది. పుట్టుకతో వచ్చే నేర్పు ఉంటే బ్యాటు కూడా దానంతటదే రావాలి కదా? చేతికి ఇచ్చింది వచ్చింది, ఇవ్వనిది రాలేదు. 1937 ఎన్నికల్లో ఆయన బాబాసాహెబ్ మీద పోటీ చేసి ఓడిపోయాడు. ఆ రాజకీయం వేరు. ఆ ఎడమచేతి నుంచి మేము నేర్చుకునే పాఠం మాత్రం మాసిపోదు.

నాలుగేళ్ళ కిందట మేము గట్టు కింద కోర్టును మళ్ళీ చదును చేశాం. ఇప్పుడు ఆడపిల్లలు కూడా వస్తారు. వరసగా ఒకే సర్వీసు కొట్టించం. ఒకటి దగ్గరికి, ఒకటి దూరానికి, ఒకటి మూలకు. తప్పులు పడతాయి, పడనిస్తాం. శనివారం సాయంత్రం అమ్మలనూ తాతలనూ గట్టు మీద కూర్చోబెట్టి, వాళ్ళు చూస్తుండగా కొట్టిస్తాం. కొట్టే ముందు బంతిని రెండుసార్లు నేలకేసి, ఒకసారి ఊపిరి వదిలి, చూపు బంతి పడాల్సిన చోట పెట్టమంటాం.

కోర్టు తెరిచిన వారానికే మేము వాడింటికి వెళ్ళాం. ఆటో తుడుచుకుంటున్నాడు. మేము చదివిందంతా చెప్పాం. తప్పు నీ చేతిది కాదురా, మా నోటిది అన్నాం. వాడు గుడ్డ పిండుతూ అన్నాడు: "నాకు ఆ రోజే తెలుసురా. కొట్టేటప్పుడు నాకు నెట్టు కనబళ్ళేదు. నా చెయ్యే కనబడింది." అన్నేళ్ళలో ఒక్కసారైనా మేము అడిగి ఉంటే అప్పుడే చెప్పేవాడు. మేము అడగలేదు.

మొన్న శనివారం వాడు కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చి గీత పక్కన నిలబడ్డాడు. సర్వీసు ఆ పిల్లదే. మొదటి బంతి నెట్టులో పడింది. పిల్ల చెయ్యి వంగిన తీరు చూసి మాలో ఒకడు నోరు తెరిచాడు. వాడు చెయ్యెత్తి ఆపాడు.

"చింతచెట్టు చూసి కొట్టమ్మా," అన్నాడు.

పిల్ల కోర్టు అవతల చెట్టు వైపు చూసింది. మేమెవ్వరం నోరు మెదపలేదు.