సంతకం పెట్టే ముందు నాలుగు ప్రశ్నలు

ఈరోజు వరి గురించి కాదండి, పిల్లల గురించి. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మా మనవరాలు అయిదో తరగతి. మొన్న డిసెంబరులో వాళ్ల స్కూలు నుంచి ఒక కాగితం వచ్చింది. పిల్లల్ని మారేడుమిల్లి తీసుకెళ్తారట. రెండు రాత్రులు అక్కడే టెంట్లలో పడక. అడవిలో నడక, తాళ్ల మీద నడక, వాగులో ఆటలు. కింద తల్లిదండ్రుల సంతకం కావాలి. మా అమ్మాయి చదివి, మడిచి బీరువాలో పెట్టేసింది. పిల్ల రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"పంపొచ్చు కదమ్మా" అన్నాను.

"నన్ను పంపావా నాన్నా?" అంది.

నాకు నోట మాట రాలేదండి. ఇరవై ఏళ్ల కిందట అది ఏడో తరగతిలో గైడ్స్ క్యాంపుకి పేరిచ్చుకుంది. కోతల టైము, ఇంట్లో పనుందని ఆపేశాను. అసలు సంగతి భయం. ఆడపిల్ల రాత్రిపూట బయట పడుకోవడం ఏంటని.

దాని భయమూ ఊరికే కాదు. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఎగువన ప్రాజెక్టు నీళ్లు వదిలారు, నదిలో ఉన్నవాళ్లకి తెలీదు. 2019 సెప్టెంబరు 15న మన కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగింది. అది మనందరం టీవీల ముందు కూర్చుని చూసిందే.

కానీ అదే 2014లో, బియాస్ ఘోరానికి సరిగ్గా రెండు వారాల ముందు, మే 25న, పూర్ణ, ఆనంద్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు, తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. వాళ్లని ఒక్కసారే కొండెక్కించలేదు. ముందు భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్పారు, తర్వాత డార్జిలింగ్, లడఖ్‌లలో తయారుచేశారు. ముందు ఎవరు చూశారు, ఎవరు నేర్పారు, తేడా అంతా అక్కడే ఉందనిపించింది నాకు.

విత్తనం కొనేటప్పుడు లాట్ నంబరు చూస్తాం, మొలక శాతం అడుగుతాం, బిల్లు తీసుకుంటాం. పిల్లల కాగితం దగ్గరికొచ్చేసరికి ఏమీ అడక్కుండా సంతకమైనా పెట్టేస్తాం, లేదా ఏమీ అడక్కుండా వద్దైనా అంటాం.

అందుకని అమ్మాయిని వెంటబెట్టుకుని స్కూలుకెళ్లాను. అడిగినవి ఇవండి:

1. ఎంతమంది పిల్లలకి ఒక టీచరు? రాత్రి ఆడపిల్లల దగ్గర ఎవరు పడుకుంటారు?
2. వాగులో దించే ముందు లోతు ఎవరు చూస్తారు? లైఫ్ జాకెట్లు పిల్లల సైజువేనా?
3. తాళ్లు కట్టేవాళ్లు నేర్చుకున్నవాళ్లేనా? భయపడిన పిల్లని బలవంతం చేస్తారా?
4. ఒంట్లో బాగోకపోతే రంపచోడవరం ఆసుపత్రికి తీసుకెళ్లడానికి బండి అక్కడే ఉంటుందా? ఏజెన్సీ కదా, దోమతెరలు ఉన్నాయా?

మేడం గారు విసుక్కోలేదు. రెండింటికి అప్పుడే చెప్పారు. మిగతా రెండూ కనుక్కుని మర్నాడు ఫోన్ చేశారు. పిల్లల సైజు జాకెట్లు లేవట, తెప్పిస్తున్నామన్నారు. ఆ రాత్రి అమ్మాయి సంతకం పెట్టింది. పిల్ల తిరిగొచ్చేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, అది వేరే సంగతి.

తాడు మీద సగం దాకా వెళ్లి భయమేసి వెనక్కొచ్చేసిందట. ఎవరూ నవ్వలేదని చెప్పింది. కొండరెడ్ల తాత ఒకాయన అడవిలో చెట్ల పేర్లు చెప్పాడట, ఓ పది అప్పజెప్పింది. తిన్న కంచం తనే కడుక్కుంటోంది.

మొన్న ఆదివారం సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లాను. మన ఉప్పాడ సంగతి తెలిసిందే కదా, కెరటం రోడ్డు మీదికొచ్చి కొడుతుంది. రాళ్ల మీద పిల్లలు గెంతుతున్నారు. "తాతయ్యా, అక్కడ సార్ కర్రతో లోతు చూశాకే మమ్మల్ని దించారు. ఇక్కడ ఎవరూ చూడరేంటి?" అంది. నిజమేనండి. అడవికి పంపడానికి అంత భయపడ్డాం, ఇంటిపక్క సముద్రాన్ని మాత్రం గాలికొదిలేశాం.

ఇంటికొచ్చి ఈ మాట అమ్మాయికి చెప్పాను. అది అంతా విని, "అప్పుడు నువ్వు కూడా మా స్కూలుకెళ్లి ఈ నాలుగూ అడిగుంటే సరిపోయేది కదా నాన్నా" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదండి. మీ పిల్లలు కాగితం తెచ్చిన రోజు మీరైనా వెళ్లి అడగండి.