మా అమ్మ పెళ్ళి సినిమా... నా రీ-రిలీజు పాట్లు!

మా ఇంట్లో ఒక సినిమా ఉంది. హీరో మా నాయన, హీరోయిన్ మా అమ్మ. అందులో విలన్ లేడనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ వేషం నాకోసమే ఖాళీగా ఉంచారని మొన్న వేసవిలో తెలిసింది!

ఆ సినిమా తీసింది 1994లో. ఎన్టీఆర్ మా హిందూపురం నుంచి మూడోసారి గెలిచిన ఏడు. నాయనది హిందూపురం, అమ్మది ధర్మవరం. రెండు పక్షాల వాళ్ళూ రైలు దిగడానికి నడుమన ఉంటుందని పెనుకొండలో పెళ్ళి పెట్టుకున్నారట. వీడియో ఆయన రెండు గంటలు తీసి, మాటలన్నీ కొట్టేసి, వాటి మీద సినిమా పాటలు అతికించి ఒక వి.హెచ్.ఎస్. క్యాసెట్ చేతిలో పెట్టాడు.

ఆ క్యాసెట్‌లో మా తాత ఉన్నాడు. ధర్మవరంలో మగ్గం నేసిన మనిషి. కూతురి పెళ్ళి పట్టుచీర తన చేత్తోనే నేశాడు. నేను పుట్టకముందే పోయాడు. ఫోటోలు రెండున్నాయి గానీ, తాత నడిచేదీ నవ్వేదీ చూడాలంటే ఈ లోకంలో ఆ క్యాసెట్ ఒక్కటే దిక్కు.

బెంగుళూరులో ఒక షాపులో దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి ఇచ్చారు. "టేపుకు బూజు పట్టింది, ఇంకెన్నిసార్లు తిరుగుతుందో చెప్పలేం" అని కూడా అన్నారు. వింటేనా! నా దృష్టంతా ఫైలు సైజు మీద. 26 జీబీ! డీవీ పద్ధతిలో ఎక్కిస్తే గంటకు సుమారు 13 జీబీ అవుతుంది మరి. అది ఫోన్లో పట్టదు, వాట్సాప్‌లో పోదు. చిన్నది చేయాలి. ఆ పనినే ఎన్‌కోడింగ్ అంటారు.

'ఉచితం, ఒక్క నొక్కుతో పని పూర్తి' అని ఊరించిన సాఫ్ట్‌వేర్ ఒకటి దించుకున్నాను. నొక్కాను. పని పూర్తయింది... తలంబ్రాల సీన్లో అమ్మ నెత్తిన ఆ కంపెనీ ముద్ర! డబ్బు కడితేనే అది పోతుందట. రెండో సాఫ్ట్‌వేర్‌లో ముద్ర లేదు. 'అతి చిన్న సైజు' అన్న చోట నొక్కాను. 26 జీబీ కాస్తా 300 ఎంబీ అయింది. ఫోన్ చిన్న తెరమీద బాగానే కనిపించింది. ల్యాప్‌టాప్‌లో చోటు లేదని అసలు ఫైలు చెరిపేశాను. ఇంటర్వెల్!

పెన్ డ్రైవ్ జేబులో వేసుకుని ధర్మవరం వెళ్ళి, అవ్వ ముందర టీవీలో పెట్టాను. అవ్వ కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

"ఏమ్రా, ఇది మీ తాత నేసిన చీర గాదే! అంచులో నెమళ్ళు యాడికి పోయినాయి? ఆయన మొగమేంది, ఇటికెలు పేర్చినట్లుండాది?"

నాకు నోట మాట రాలేదు. నిజమే. చీర అంచు పచ్చడైపోయింది. ఎవరైనా కదిలితే చాలు, ఒంటి చుట్టూ దువ్వెన పండ్లలాగా గీతలు.

అప్పుడు మొదలయింది నా చదువు. ఎన్‌కోడరు గొప్ప పిసినారి. కదలని గోడను ఒకసారి రాసుకుని, తర్వాతి బొమ్మల్లో 'పైదే' అని సరిపెడుతుంది. కదిలేదాన్ని మాత్రం కొత్తగా రాయాలి. మన పెళ్ళిలో ఏముంది? రాలే తలంబ్రాలు, మెరిసే జరీ, పైగా పాత టేపులో కురిసే చుక్కల వాన. అన్నీ కదిలేవే! రెండు గంటలకూ కలిపి 300 ఎంబీయే ఇస్తే పాపం అదేం చేస్తుంది? నెమళ్ళను చెరిపి ఇటుకలు పేర్చింది.

మరి ఆ దువ్వెన పండ్లు? సినిమా ఫిల్ములో సెకనుకు 24 బొమ్మలు, ఏ బొమ్మకాబొమ్మ పూర్తిగా ఉంటుంది. మన పాత టీవీ పద్ధతి, అంటే పాల్‌లో, సెకనుకు 25 బొమ్మలు. కానీ ఒక్కో బొమ్మ రెండు సగాలుగా వస్తుంది. ముందు ఒక వరుస గీతలు, తర్వాత వాటి నడుమ గీతలు. ఈలోగా మనిషి కదిలితే రెండు సగాలూ అతకవు. ఇది అవ్వకు చెబితే, "మగ్గంలోనూ అంతే గదరా, ఒక వరుస దారాలు లేస్తే ఇంకో వరుస దిగుతాది" అని తేల్చేసింది. నాకు వారం పట్టింది!

ఈసారి హ్యాండ్‌బ్రేక్ పట్టుకున్నాను. 2003 నుంచీ ఉన్నది. నిజంగానే ఉచితం, ముద్రలు వేయదు. ఎఫ్‌ఎఫ్ఎంపెగ్ అని ఇంకొకటి ఉంది, ఇంకా బలమైనది. కానీ అందులో బొత్తాలుండవు, ఆజ్ఞలన్నీ మనమే టైపు చేయాలి. కొత్తవాళ్ళకు హ్యాండ్‌బ్రేక్ చాలు. అందులో నేను ముట్టుకున్నవి మూడే. ఒకటి, ఆ రెండు సగాలను అతికే డీఇంటర్‌లేస్. రెండు, హెచ్.264. ఇది 2003 నాటిది, అవ్వ టీవీ కూడా చదువుతుంది. 2013లో వచ్చిన హెచ్.265తో ఫైలు ఇంకా చిన్నదవుతుంది గానీ పాత టీవీలు చాలావాటికి అది అర్థం కాదు. మూడు, నాణ్యత అంకె. ఇక్కడే తిరకాసు. అంకె తగ్గితే బొమ్మ బాగుంటుంది, ఫైలు పెరుగుతుంది. ఇలాంటి పాత వీడియోకు 18 నుంచి 22 లోపు పెట్టుకోమంటారు. నేను 19 పెట్టాను.

అంతా సిద్ధం. కానీ అసలు ఫైలేదీ? మళ్ళీ బెంగుళూరు పరుగెత్తాను. షాపాయన టేపు తిప్పాడు. గంటా పది నిమిషాల దగ్గర టేపు పట్టేసింది. విడదీసి మళ్ళీ నడిపించాడు గానీ నలభై సెకన్లు పోయాయి. తాత అమ్మ భుజం మీద కొంగు సర్ది, కెమెరాను చూసి సిగ్గుపడి నవ్వే నలభై సెకన్లు. అవి ఇప్పుడు నా ఇటుకల ప్రింటులో తప్ప ఎక్కడా లేవు.

ఈసారి తొందరపడలేదు. అన్నిటికంటే కష్టమైన తలంబ్రాల నిమిషం ఒక్కటే ముందు ఎన్‌కోడ్ చేసి, పెద్ద టీవీలో చూసి, ఆ తర్వాతే రెండు గంటలూ నడిపించాను. రెండు జీబీ పైచిలుకు వచ్చింది. పోయిన చోట నా ఇటుకలే అతికించాను.

అవ్వ చూసింది. "ఆ... ఇప్పుడొచ్చినాయి నెమళ్ళు" అంది. గంటా పది నిమిషాల దగ్గర బొమ్మ అలుక్కుపోయింది. అవ్వ టీవీకి దగ్గరగా వంగింది. నా వైపు తిరిగి, "ఇక్కడ నవ్వినాడు గదరా?" అని అడిగింది.

"అవునవ్వా" అన్నాను.

మాయాబజార్ 1957లో వచ్చింది. 2010లో దానికి రంగులద్దారు. అయినా నలుపు తెలుపు బొమ్మను ఎవరూ పారేయలేదు. వాళ్ళకున్న ఆ మాత్రం తెలివి నాకు లేకపోయింది. మీ ఇంటి అటకమీద కూడా ఇలాంటి సినిమా ఒకటి ఉండే ఉంటుంది. ఎన్ని రకాలుగానైనా రిలీజు చేసుకోండి. అసలు ప్రింటు మాత్రం రెండు చోట్ల దాచుకోండి!