కొండెక్కే ముందు... కిందికి దూరాలి!

ఉదయం ఆరున్నర. బొర్రా గుహల దగ్గర మంచు ఇంకా విడలేదు. టీకొట్టు పొయ్యి పొగ ఏదో, మంచు ఏదో తెలియడం లేదు. కటికి జలపాతానికి మాట్లాడుకున్న జీపు ఎదురుగానే ఉంది. డ్రైవరే కనిపించడు! రెండుసార్లు పిలిస్తే జీపు కింది నుంచి జవాబొచ్చింది... 'వస్తన్నాను బాబూ, అయిదే నిమిషాలు'. వంగి చూస్తే రెండు కాళ్లు మాత్రం బయటికి ఉన్నాయి. పక్కన గ్రీజు గన్ను, పాత బనీను గుడ్డ, నాలుగైదు స్పానర్లు.

ఆ అయిదు నిమిషాలు ముప్పావుగంట అయింది. మొదట విసుగొచ్చిన మాట నిజమే. సాయంత్రం తిరిగొచ్చేసరికి మాత్రం అర్థమైంది... ఆ దారిలో జీపు నడిచేది ఒక్క డీజిలుతోనే కాదు, ఆ ముప్పావుగంటతో కూడా!

రెండో రాడ్డు మహిమ

విశాఖపట్నానికి సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో ఉన్నాయి బొర్రా గుహలు. కిరండూల్ రైలెక్కితే సొరంగాలు దాటుకుంటూ ఇక్కడ దిగొచ్చు. గుహలు చూసినవాళ్లలో చాలామంది కటికి కూడా చూడాలనుకుంటారు. దూరం కొద్ది కిలోమీటర్లే. కానీ మామూలు కారు సాగదు. రాళ్లు, గుంతలు, జారే ఎర్రమట్టి. జీపులో వెళ్లి, దిగాక మళ్లీ కొంత దూరం నడవాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం పుట్టింది విల్లీస్ జీపు. స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో దాన్ని మనదేశంలో బిగించి అమ్మడం మొదలుపెట్టింది మహీంద్రా. ఆ వంశంలో పుట్టిన పాత జీపులే ఏజెన్సీలో ఇన్నేళ్లుగా సంతకు మనుషుల్ని, మూటల్ని మోస్తూ వచ్చాయి. వాటిలో అన్నీ ఫోర్ వీల్ డ్రైవ్ కావు. మేమెక్కింది మాత్రం అదే. గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డు కనిపిస్తే గుర్తుపట్టొచ్చు.

మామూలుగా ఇంజిను శక్తి రెండు చక్రాలకే వెళ్తుంది. పొట్టి రాడ్డు వేస్తే ముందు ఇరుసుకూ, వెనక ఇరుసుకూ అందుతుంది. ఇంకో మెట్టు 'లో' రేంజిలోకి దించితే చక్రం నెమ్మదిగా తిరుగుతుంది, లాగే బలం పెరుగుతుంది. 'ఎక్కడానికే కాదు బాబూ, దిగడానికి కూడా ఇదే దేవుడు' అంటారు మా డ్రైవరు. వయసు యాభై దాటి ఉంటుంది. వాలులో లో రేంజి, మొదటి గేరు వేసి బండిని వదిలేస్తే ఇంజినే పట్టి ఉంచుతుంది. బ్రేకు అస్తమానం తొక్కితే వేడెక్కి పట్టు తప్పుతుంది. దిగేటప్పుడు క్లచ్చి నొక్కితే ఇక బండి మన మాట వినదు!

మరో ముచ్చట కూడా చెప్పారు. ఇలాంటి పాత బళ్లలో పొడి తారురోడ్డు మీద ఫోర్ వీల్ వేయకూడదట. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా ఎక్కువ దూరం తిరగాలి. మట్టిలో అయితే ఆ తేడాకు చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు. ఆ బిగువంతా లోపలి పళ్లచక్రాల మీద పడుతుంది.

కింద ఏం చేస్తారంటే...

ఆ ముప్పావుగంట ఏంచేశారో అడిగితే ఒక్కొక్కటీ చూపించారు. ముందుగా కమాను కట్టలు. వాటిని ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు రాళ్లదారి కుదుపులకు వదులవుతాయి. రోజూ స్పానరు వేసి చూడాల్సిందే. తర్వాత ప్రొపెల్లర్ షాఫ్టు చివరల్లో ఉండే క్రాసులకు గ్రీజు. పాత మురికి గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టాలి. స్టీరింగు రాడ్ల చివర్లు చేత్తో ఊపి చూడాలి. బ్రేకు పైపులు ఎక్కడైనా తడిగా ఉన్నాయేమో తడమాలి. ఆనక పైకొచ్చి రేడియేటరు నీళ్లు, ఇంజిన్ ఆయిలు, ఫ్యాను బెల్టు. దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరుతో ఇంజినుకు ఊపిరాడదు కాబట్టి అదీ దులపాలి.

బయల్దేరి తారు దాటగానే మళ్లీ ఆపారు. టైర్లలో గాలి తీయడానికి! రోడ్డు మీద 30 పాయింట్లు ఉండేదాన్ని 20 దగ్గరికి దించారు. గాలి తగ్గితే టైరు పరుచుకుంటుంది, నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. మరీ తీసేస్తే రిమ్ము నుంచి టైరు ఊడుతుంది. తిరిగి తారెక్కాక గాలి నింపకుండా వేగంగా పోతే టైరు వేడెక్కి పేలొచ్చు. అందుకే పంపు ఎప్పుడూ సీటు కిందే ఉంటుంది.

దారికి అడ్డంగా చిన్న గెడ్డ వచ్చింది. దిగి, కర్ర పట్టుకుని ఆయనే ముందు నడిచి చూసొచ్చారు. మోకాలు మునగలేదు. గేరు మార్చకుండా, ఆపకుండా, నింపాదిగా దాటించారు. నీళ్లలో ఇంజిను ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయకూడదట. గాలిలా నీళ్లు అణగవు. సిలిండరులోకి నీళ్లు చేరి ఉంటే లోపలి రాడ్లు వంగిపోతాయి. గట్టెక్కాక బ్రేకు మీద మెల్లగా రెండు మూడుసార్లు కాలు ఆనించారు, తడిసిన డ్రమ్ములు ఆరడానికి.

'డబ్బులు గెడ్డకి తెలీదు'

కటికి చూశాం. పైనుంచి తెల్లగా దూకే నీళ్లు, కింద రాళ్ల మీద తుంపర, దారి పక్కన బొంగు చికెన్ వాసన. మధ్యాహ్నం వెనక్కొచ్చేసరికి కొండమీద నల్లగా మబ్బు పట్టింది. స్టాండులో మరో కుటుంబం జీపు కోసం ఎదురుచూస్తోంది. పిల్లలు జలపాతం, జలపాతం అని గంతులేస్తున్నారు. మా డ్రైవరు కొండవైపు చూసి 'ఇప్పుడు వొద్దు బాబూ' అనేశారు. రెట్టింపు ఇస్తామన్నా కదల్లేదు. 'డబ్బులిచ్చారని గెడ్డకి తెలీదు కదా' అని నవ్వారు. గంటలో వాన దంచికొట్టింది.

వచ్చే బేరం ఎందుకు వదులుకున్నారని టీ తాగుతూ అడిగాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత పాత సంగతొకటి చెప్పారు. చాలా ఏళ్ల కిందట గెడ్డ దాటి వచ్చిన బండి చక్రం విప్పి చూడలేదట. బేరింగులో నీళ్లు చేరి గ్రీజు పోయింది. రుబ్బురోలు తిప్పినట్టు చప్పుడొస్తున్నా 'రేపు చూద్దాంలే' అనుకుంటూ వారం గడిపేశారు. ఓ రాత్రి పైఊరి నుంచి కబురు. ఓ అమ్మాయికి నొప్పులు. జీపులో పడుకోబెట్టి బయల్దేరితే సగం దారిలో బేరింగు పట్టేసి చక్రం బిగుసుకుపోయింది. చీకట్లో కర్రలు కొట్టి, దుప్పటి కట్టి, డోలీలో ఆ అమ్మాయిని కిందికి మోశారు. మోసినవాళ్లలో ఈయనా ఒకరు.

'తల్లీబిడ్డా బతికేరు బాబూ. నేకపోతే నాను మళ్లీ ఈ బండి ముట్టేవాణ్ని కాదు' అన్నారు.

రోడ్డు లేని గిరిజన గూడేల నుంచి రోగుల్ని డోలీల్లో మోసుకురావడం పేపర్లో ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. అలాంటిచోట జీపు అంటే షికారు బండి కాదు. పగలు మనల్ని జలపాతానికి తీసుకెళ్లేదే రాత్రి ఎవరి ప్రాణానికో పూచీ.

మీ ఇంట్లోనూ ఉందా?

2020లో కొత్త థార్, 2023లో జిమ్నీ వచ్చాక పట్నాల్లోనూ ఫోర్ వీల్ డ్రైవ్‌ల మోజు పెరిగింది. కొత్త బండి కదా ఏమీ కాదులే అనుకోవద్దు. ఆ డ్రైవరు దగ్గర నేర్చుకున్నవి కొన్ని...

* ఫోర్ వీల్ ఉందని ధీమా వద్దు. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో గాల్లోకి లేచిన చక్రం ఊరికే తిరుగుతుంది, నేల మీదున్న చక్రానికి లాగే బలం అందదు.
* తెలియని దారిలో ఒంటరిగా వద్దు. రెండో బండి తోడుండాలి.
* గట్టి తాడు, పార, జాకీ, జాకీ కింద పెట్టడానికి మందపాటి చెక్క, మంచి స్టెప్నీ, గాలి పంపు తప్పనిసరి. తాడు బంపరుకు కాదు, ఛాసిస్‌కు ఉన్న కొక్కేనికే కట్టాలి. లాగేటప్పుడు మనుషులు దూరంగా నిలబడాలి.
* పైన క్యారియరు మీద బరువు పెంచితే వాలులో బండి ఒరిగిపోతుంది. బరువైనవి లోపల, కిందే పెట్టాలి.
* పాత బళ్లలో స్టీరింగు లోపలికి బొటనవేలు పెట్టి పట్టుకోవద్దు. రాయి తగిలి స్టీరింగు ఒక్కసారిగా తిరిగితే వేలు విరుగుతుంది.
* ఇంటికొచ్చాక కింద మట్టి కడిగించండి. ఎండిన మట్టి తడిని పట్టి ఉంచి తుప్పు తెస్తుంది.

వాన వెలిశాక సెలవు తీసుకుందామని వెళ్లాం. మళ్లీ రెండు కాళ్లే కనిపించాయి! పొద్దున గెడ్డలో దిగిన బండి కదా. ఇరుసు నట్టు విప్పి, వేలి మీద ఓ చుక్క ఆయిలు తీసి, వెలుతురుకు పెట్టి చూపించారు. తేనెలా ఉంటే మంచిదట, పాలు పోసిన టీలా ఉంటే నీళ్లు దూరినట్టట. మేమూ కళ్లు చికిలించి చూశాం.

తేనెలానే ఉంది. ఆయన నట్టు బిగించి, చెయ్యి గుడ్డకు తుడుచుకుని, రెండో ఇరుసు వైపు జరిగారు.